ఆమినాబీ అడిగిన పరీక్ష

బెజవాడలో మా మున్సిపల్ బడిని కాలవగట్టు హైస్కూల్ అనేవాళ్ళు. బందరు కాలవ పక్కన రేకుల షెడ్లు మూడు, పెంకుటి గదులు నాలుగు. వాన కురిస్తే పిల్లలకంటే ముందు నీళ్ళొచ్చి కూర్చునేవి. అక్కడ నేను పందొమ్మిదేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను. నా పేరు కృపానందం. ఆ పందొమ్మిదేళ్ళలో కారు దిగి లోపలికొచ్చిన తల్లిదండ్రుల్ని ఒక్క సంవత్సరమే చూశాను. అది 2002. వాళ్ళెందుకొచ్చారో, ఎందుకు పోయారో తెలియాలంటే ముందు ఆమినాబీ ఎవరో తెలియాలి.

ఆమినాబీది పామర్రు. తండ్రి ఊళ్ళు తిరిగి గాజులమ్మేవాడు. ఉర్దూ బడిలో రెండో తరగతి దాకా చదివింది. తర్వాత తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావాల్సివచ్చింది. పదిహేడో ఏట వసీంకిచ్చి పెళ్ళి చేశారు. అతను గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో ట్రెడిల్ మిషను మీద పనిచేసేవాడు. తొంభైల మధ్యలో ఆఫ్‌సెట్ మిషన్లొచ్చాయి. ఓనరు ట్రెడిల్‌ని పాత ఇనుము కింద అమ్మేశాడు. వసీంని అలా అమ్మడం కుదరదు గనక ఊరికే ఇంటికి పంపేశాడు. ఆ తర్వాత అతనికి కాగితం రీములు మోసే పని దొరికింది. నడుం పట్టేసిన రోజుల్లో అదీ లేదు. ఇల్లు ఆమినాబీ చేతుల మీద నడిచింది.

ఆమె పని ఫారాలు మడవడం. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చవుతాయి. దాన్నే ఫారం అంటారు. లెక్క ప్రకారం మూడు మడతలు పెడితే పేజీలన్నీ వరసలోకి వస్తాయి. బెజవాడలో అచ్చయ్యే గైడ్లకీ వర్క్‌బుక్కులకీ ఈ మడతలు పెట్టేది ఇళ్ళల్లో ఆడవాళ్ళే. ఆమినాబీకి అక్షరాలు రావు. పేజీల కింది అంకెలు చూసుకుంటూ, నున్నటి చెక్కబద్దతో నొక్కుతూ మడుస్తుంది. ఆమె చేతిలోంచి పోయినన్ని పుస్తకాలు మా స్టాఫ్‌రూమంతా కలిసినా చదివుండం. మాలో కొందరు పేపర్లో సినిమా పేజీ తప్ప చదవరు గనక, ఇదేం పెద్ద పోలికా కాదు.

ఆమె కూతురు ఫరహత్ ఏడో తరగతిలో నా దగ్గర లెక్కలు చదివింది. ఒకరోజు బోర్డు మీద నీళ్ళ తొట్టి లెక్క రాశాను. ఒక పంపు తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకొకటి నాలుగు గంటల్లో ఖాళీ చేస్తుంది, రెండూ తెరిస్తే ఎప్పటికి నిండుతుంది అని. క్లాసంతా తలలొంచుకుని రాస్తోంది. ఫరహత్ మాత్రం పెన్ను కిందపెట్టి కూర్చుంది.

"ఏమ్మా, రాదా?" అన్నాను.

"ఈ తొట్టి ఎప్పటికీ నిండదు సార్. వచ్చే నీళ్ళకంటే పోయే నీళ్ళే ఎక్కువ," అంది.

నేనే అంకెలు తారుమారు చేసి రాశానన్నమాట. పుస్తకం చూసి దిద్దుకున్నాను. మిగతా ముప్పైమందీ అప్పటికే ఏదో ఒక జవాబు తేల్చేశారు.

2002 జూన్‌లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మా బడిలో ఎనిమిదో తరగతికి 'ప్రతిభా సెక్షన్' అని కొత్తది పెడతారట. నలభై సీట్లు, ఇంగ్లీష్ మీడియం, కంప్యూటర్లు, పదో తరగతి దాకా ప్రత్యేకంగా టీచర్లు. తెలివైన పేదపిల్లలకి అవకాశం రావాలని ఉద్దేశం. ప్రవేశపరీక్ష నాటికి మున్సిపల్ బడిలో పేరున్న పిల్లలే రాయాలని షరతు. మంచి మనసుతో పెట్టిన షరతే. ఎంత మంచి షరతుకైనా కంత ఎక్కడుందో కనిపెట్టే విద్య మాత్రం మనవాళ్ళకి పుట్టుకతో వస్తుంది.

జూలై మొదటివారంలోనే కార్లొచ్చాయి. కాన్వెంట్ల నుంచి టీసీలు తీసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. అంతకుముందు మా బడి ఎక్కడుందో కూడా తెలియని వాళ్ళు. గోపీనాథ్ గారికి గవర్నర్‌పేటలో కరెంటు సామాన్ల హోల్‌సేల్ షాపుంది. మొదటిరోజు ఆయన గేటు దగ్గర ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మూడోరోజుకి రుమాలు జేబులోకి వెళ్ళింది. వారం తిరిగేసరికి హెడ్మాస్టర్ వెంకటప్పయ్య గారి గదిలో రెండు కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయి, వాటి మీద ఆయన షాపు పేరు తిరుగుతోంది. రెండో వారానికి తల్లిదండ్రుల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. "మన బడి, మన పిల్లలు" అనే మాట ఆయన నోటి వెంట అంత సులువుగా రావడం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. నేను పందొమ్మిదేళ్ళలో ఒకసారి కూడా అనలేకపోయాను.

పరీక్ష ఏ భాషలో పెట్టాలన్న దాని మీద ఒక ఆదివారం మీటింగు పెట్టారు. ముందు వరస కుర్చీల్లో కొత్తగా వచ్చినవాళ్ళు కూర్చున్నారు. వెనక బెంచీల మీద పాతవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే అలా కుదిరింది.

"ఇంగ్లీష్ మీడియం సెక్షన్‌కి ఇంగ్లీషులో కాక ఇంకెందులో పెడతామండీ?" అన్నారు గోపీనాథ్ గారు. "అయినా ప్రతిభకి భాషేంటండీ? ఉన్నవాడికి ఉంటుంది, లేనివాడికి లేదు."

వెనకనుంచి ఆమినాబీ లేచింది. నల్ల బురఖా, వేళ్ళ చివర అచ్చు సిరా మరకలు. "భాష లేదంటున్నారు గదండీ. మరి తెలుగులోనే పెట్టెయ్యండి. మీ పిల్లలకి ప్రతిభుంటే తెలుగులో రాసినంతమాత్రాన ఎక్కడికి పోయిద్ది?"

వెనక బెంచీలు నవ్వాయి. గోపీనాథ్ గారు కూడా నవ్వారు గానీ కళ్ళు నవ్వలేదు. "చూడమ్మా, రేపు కంప్యూటరు నీతో తెలుగులో మాట్లాడుద్దా?"

ఆయన పక్కన కూర్చున్న రాజ్యశ్రీ గారు, ఒక డాక్టరు గారి భార్య, మెల్లగా మాట్లాడే మనిషి. "మేం మా బాబుని అంత పెద్ద కాన్వెంట్ మాన్పించి ఇక్కడ వేశామండీ. అది త్యాగం కాదా? ఇంతా చేసి స్టాండర్డ్ తగ్గించమంటే ఎలాగండీ?" అన్నారు. పేదవాళ్ళకని పెట్టిన సీట్లు పుచ్చుకోవడం కూడా త్యాగమే అవుతుందని నాకు ఆరోజే తెలిసింది.

చివరికి వెంకటప్పయ్య గారు, ఎప్పటిలాగే, గాలి ఎటు వీస్తే అటు తీర్పిచ్చారు. పరీక్ష ఇంగ్లీషులోనే. కష్టమైన మాటలకి కింద తెలుగు అర్థాలిస్తారు. ప్రశ్నపత్రం తయారుచేయడానికి గోపీనాథ్ గారే ఒక లెక్చరర్ని చూపించారు. ఆయనకి ఊళ్ళో ఒక ట్యుటోరియల్ ఉంది. "ఉచితంగా చేసిపెడతానన్నారండీ, పిల్లల మీద ప్రేమ," అన్నారు. ఉచితంగా చేసే పనిని అనుమానించడం మర్యాద కాదని మేమంతా ఊరుకున్నాం.

ఆగస్టులో పరీక్ష జరిగింది. యాభై ప్రశ్నలు. తెలుగు అర్థాలు ఇచ్చింది నాలుగు మాటలకి, అందులో ఒకటి తప్పు. 'ఆడ్' అనే మాటకి 'బేసి' అని ఇచ్చారు. అక్కడ అడిగింది కాకి, చిలక, గబ్బిలం, పిచ్చుకల్లో మిగతావాటితో కలవనిది ఏదని. మా బడి పిల్లలు ఆ పక్షుల్లో బేసిసంఖ్య కోసం వెతికారు. ఫరహత్ ఒక్కో ఇంగ్లీషు పేరులో అక్షరాలు లెక్కపెట్టి, బేసి వచ్చిన రెండిట్లో ఒకటి రాసి వచ్చింది.

వారం తర్వాత జాబితా అంటించారు. నలభైమందిలో ముప్పైమూడు మంది కొత్తగా చేరినవాళ్ళు. మా పాతపిల్లలు ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒకమ్మాయి నాగమల్లేశ్వరి. వాళ్ళ నాన్న ఆదిశేషయ్యది పెడన నేతగాళ్ళ కుటుంబం. మగ్గం మానేసి బెజవాడ వచ్చి, సైకిల్ మీద లుంగీలూ తువ్వాళ్ళూ పెట్టుకుని వీధివీధీ తిరిగేవాడు. కూతురి పేరు చూసి ఆయన ఆ గోడ దగ్గర అరగంట నిలబడిపోయాడు. ఫరహత్ పేరు యాభై ఎనిమిదో చోట ఉంది.

ఆమినాబీ ఏడవలేదు, కూతుర్ని తిట్టలేదు. ఇంట్లో ప్రశ్నపత్రం తీసి నేల మీద పరిచి, "ఏది రాయలేకపోయావో చూపించు," అంది. ఫరహత్ బొమ్మల ప్రశ్న ఒకటి చూపించింది. అద్దంలో కనిపించే గడియారం బొమ్మ. ముళ్ళు తిరగబడి ఉన్నాయి, అసలు టైమెంత అని ప్రశ్న.

ఆ గడియారాన్ని ఆమినాబీ ఎరుగును. అంతకు నెలరోజుల ముందు మడిచిన ఫారంలో మడత సరిగ్గా దాని మధ్యలోంచి పోయేది. బొమ్మ నలిగితే ప్రెస్సు ఓనరు కేకలేస్తాడని ప్రతి కాగితానికీ జాగ్రత్తపడేది. చెడిపోయిన ఫారాల్ని మడిచేవాళ్ళకే వదిలేస్తారు. వంటగది అలమరలో నూనెసీసా, పప్పు డబ్బాలు జరిపి చూసింది. కింద పరిచిన కాగితాల మీద గడియారం ఉంది. పక్కనే కాకి, చిలక, గబ్బిలం, పిచ్చుక బొమ్మలూ ఉన్నాయి.

మర్నాడు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. పసుపూ నూనే వాసన కొడుతున్నాయి. "ఇవి ఒకటేనా కాదా, చూసి చెప్పండి మాస్టారూ. నాకు బొమ్మలే తెలుస్తున్నాయి, రాత తెలీదు."

ఎర్ర పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. యాభైలో ముప్పై ఒకటి అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఒక ప్రశ్నలో తప్పుపడ్డ అంకె కూడా అలాగే ఉంది. అట్ట ఫారం మీద ట్యుటోరియల్ పేరు, దాని కింద 'మా విద్యార్థులకు మాత్రమే' అని అచ్చయి ఉంది. ప్రశ్నలు తయారుచేసిన లెక్చరర్ గారి ట్యుటోరియలే అది. గోపీనాథ్ గారి అబ్బాయీ, రాజ్యశ్రీ గారి అబ్బాయీ, ఆ ముప్పైమూడు మందిలో చాలామందీ పోయేది అక్కడికే.

"ఇది బయటికొస్తే ఆ ప్రెస్సులో నీకు పని పోతుందమ్మా," అన్నాను.

"పోయిద్దని తెలుసు మాస్టారూ. మీరేం చేస్తారో చెప్పండి."

నేనేం చేశాను? హెడ్మాస్టర్ గారి గదికి వెళ్ళాను. ఆయన కాగితాల వంక చూడకుండానే, "కాకతాళీయం అండీ. ప్రశ్నలంటే ఎక్కడో ఒకచోట ఉండేవే గదా," అన్నారు. పైన ఫ్యాను చల్లగా తిరుగుతోంది. నేను రిటైరవడానికి మూడేళ్ళుంది. ఆ వయసులో ఏ కైకలూరో బదిలీ అయితే ఎలాగన్న ఆలోచన వచ్చింది. అవునండీ అని బయటికొచ్చాను. ప్రతిభ సంగతేమో గానీ పిరికితనానికి మాత్రం భాష లేదు. అన్ని మీడియంలలోనూ దాన్ని బాగా నేర్చుకుంటాం.

ఆమినాబీ నాలుగురోజులు నా కోసం చూసింది. ఐదోరోజు తనే బయల్దేరింది. కాలవగట్టు మీద స్టవ్వులు బాగుచేసేవాళ్ళు, రిక్షాలు తొక్కేవాళ్ళు, టిఫిన్‌బండ్లు పెట్టుకున్నవాళ్ళు, ఎవరి పిల్లలు ఆ పరీక్ష రాశారో ఆ ఇళ్ళన్నీ తిరిగి కాగితాలు చూపించింది. వసీం అడ్డం పడ్డాడు. "ఆ ఓనరు చెప్తే గవర్నర్‌పేటలో ఏ ప్రెస్సూ మనకి ఫారం ఇవ్వదు. పిల్లకి వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు ఎనిమిదో క్లాసు మళ్ళీ వస్తదా?" అంది.

ఆదిశేషయ్య ఇంటికి ఆఖర్న వెళ్ళింది. ఆయన కాగితాలు చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఆమినమ్మా, నాకు చెప్పమాక. మా పిల్ల దీపం దగ్గర కళ్ళు పోగొట్టుకుని చదివింది. మీరంతా కలిసి పరీక్ష రద్దు చేయిస్తే దాని సీటు పోదా? నీ పిల్లకి రాలేదని నా పిల్లకి పోవాలా?"

"అన్నయ్యా, నీ పిల్ల దొంగతనంగా రాయలేదని నాకు తెలుసు."

"తెలిస్తే మరి ఊరుకో."

ఆమె దండం పెట్టి వచ్చేసింది. ఆయన అడిగింది తప్పని ఆమె ఎవరితోనూ అనలేదు. నాతో మాత్రం, "శేషయ్యన్న మాటకి నా దగ్గర జవాబు లేదు మాస్టారూ," అంది.

తర్వాతి ఆదివారానికి బడి ఆవరణ నిండిపోయింది. వెంకటప్పయ్య గారు మీటింగు పెట్టక తప్పలేదు. ఒక లోకల్ పేపరు విలేకరి కూడా ఎవరో చెబితే వచ్చి మూల నిలబడ్డాడు. గోపీనాథ్ గారు ముందే మైకు పుచ్చుకున్నారు.

"మ్యాచి ఓడిపోయినవాళ్ళు అంపైర్ని తిట్టడం మామూలేనండీ. ముందు నేనొకటి అడుగుతున్నా. ఆ కాగితాలు ఈవిడ చేతికెలా వచ్చాయి? ప్రెస్సులో దొంగతనం చేసిందా?"

"చెడిపోయిన ఫారాలు మాకే వదిలేస్తారండీ," అంది ఆమినాబీ. "మా ఇంట్లో డబ్బాల కింద ఎప్పుడూ అవే. దొంగతనం సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడదాం. ముందు ఇందులో ఉన్నవి అందులో ఉన్నాయా లేవా, అది చెప్పండి."

"నీ ఇంట్లోనే ఉన్నాయన్నావుగా! అయితే అందరికంటే ముందు చూసింది మీ అమ్మాయే!"

"చూసుంటే యాభై ఎనిమిదో నంబరు వచ్చేదా అండీ?"

జనం గొల్లున నవ్వారు. హెడ్మాస్టర్ గారు బల్ల చరిచారు. "ఇవి ఒకటేనని చెప్పడానికి నీకు ఇంగ్లీషే రాదు గదమ్మా. ఎవరు చెప్పాలి?"

"కృపానందం మాస్టారు చూశారండీ," అంది ఆమె.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను లేచాను. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. "కొన్ని... పోలికలు ఉన్నట్టున్నాయి," అని కూర్చున్నాను. ముప్పై ఒకటీ ఎర్ర పెన్సిలుతో నా చేత్తో గుర్తుపెట్టినవే. ఇది రాస్తున్నప్పుడు గోపీనాథ్ గారిని ఎంత మాటైనా అనగలుగుతున్నాను గానీ, ఆయన కనీసం తన కొడుకు కోసం అబద్ధమాడాడు. నేను ఎవరికోసం ఆడానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. నడిమధ్య బెంచీలోంచి ఆదిశేషయ్య లేచాడు. భుజం మీద తువ్వాలు దించి చంకలో పెట్టుకున్నాడు.

"మాస్టారికి సరిగ్గా కనపడలేదేమోనండీ. మా పిల్ల చదువుద్ది. అది జాబితాలో ఉన్న పిల్లే, దానికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. రా అమ్మా."

నాగమల్లేశ్వరి రెండు జడలు ఊపుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. ఒకచేత్తో ప్రశ్నపత్రం, ఇంకోచేత్తో నూనెమరకల ఫారం పట్టుకుంది. కూడబలుక్కుంటూ ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. మొదటిది చదివి, "ఇదీ ఇదీ ఒకటే నాన్నా," అంది. రెండోది చదివి, "ఇదీ ఒకటే." అలా పదకొండు దాకా వచ్చేసరికి వెంకటప్పయ్య గారు, "చాల్లేమ్మా, అర్థమైంది," అన్నారు.

"కానియ్యండి సార్. మొత్తం చదవనియ్యండి," అన్నాడు ఆదిశేషయ్య.

ముప్పై ఒకటీ చదివింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఒక్కరూ కదల్లేదు.

ముందు వరసలో రాజ్యశ్రీ గారు లేచారు. "పిల్లలు ముందే ప్రాక్టీస్ చేసుంటే అది తప్పా అండీ? కష్టపడటం కూడా నేరమేనా?"

"కష్టపడటం నేరం కాదమ్మా," అంది ఆమినాబీ. "మా అమ్మాయీ కష్టపడేదే. ఆ పుస్తకం ఏ కొట్లో దొరుకుద్దో చెప్పండి చాలు."

రాజ్యశ్రీ గారు కూర్చున్నారు. గోపీనాథ్ గారు మాత్రం వ్యాపారస్తుడు, బేరం ఎప్పుడు తిప్పాలో తెలిసినవాడు. గొంతు తగ్గించి, దాదాపు ఆప్యాయంగా అన్నారు. "ఇదంతా ఎందుకమ్మా. మీ అమ్మాయి తెలివైందని మాస్టార్లంతా అంటున్నారు. ఇంకొక సీటు వేద్దాం. నలభై ఒకటి. నేను మాట్లాడతా. రేపటినుంచే క్లాసుకి పంపు."

వసీం గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. అతని మొహం ఒక్కసారిగా విప్పారడం నేను చూశాను. ఆమినాబీ కూడా అటే చూసింది. ఆ క్షణంలో ఆమె ఒప్పుకుని ఉంటే తప్పుపట్టే అర్హత అక్కడ ఏ ఒక్కరికీ లేదు, నాకు అసలే లేదు.

"నేను సీటు అడగలేదండీ. పరీక్ష అడిగాను," అంది.

తర్వాత ఆదిశేషయ్య వైపు తిరిగి ఏదో అనబోయింది. ఆయనే ముందు అన్నాడు. "నువ్వేం చెప్పమాక ఆమినమ్మా. మా పిల్ల ఈ పుస్తకం మొహం చూడకుండానే పాసయింది. మళ్ళీ పెట్టినా పాసయిద్ది. పెట్టమను." పక్కన నాగమల్లేశ్వరి మొహంలో మాత్రం ఆ ధీమా లేదు. పన్నెండేళ్ళ పిల్ల. తండ్రి తన సీటు పదిమందిలో పందెం కాశాడని దానికి తెలుసు.

మళ్ళీ పరీక్ష పెట్టమన్న అర్జీ మీద సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. పేపర్లో చిన్న వార్త వచ్చింది. న్యాయం కళ్ళ ముందు నిలబడితే కదలని అధికారులు పేపర్లో మూడంగుళాల వార్తకి కదిలారు. సెప్టెంబరు చివర మళ్ళీ పరీక్ష పెట్టారు. ప్రశ్నలు వేరే జిల్లా టీచర్లు తయారుచేశారు. పక్కపక్కనే తెలుగూ, ఇంగ్లీషూ. ట్యుటోరియల్ లెక్చరర్ గారి పిల్లల మీద ప్రేమ ఏమైందో, ఆయన మళ్ళీ మా గేటు దగ్గర కనపడలేదు.

ఈసారి నలభైమందిలో ఇరవైనాలుగు మంది మా పాతపిల్లలు. ఫరహత్ మూడో స్థానంలో ఉంది. నాగమల్లేశ్వరి పదకొండు. ఆ రోజు ఆదిశేషయ్య సైకిల్ మీదున్న తువ్వాళ్ళలో ఒకటి తీసి హెడ్మాస్టర్ గారి భుజాన వేశాడు. మర్యాదకి వేశాడో వెక్కిరించడానికి వేశాడో తెలియక ఆయన అలాగే కప్పుకుని కూర్చున్నారు.

గోపీనాథ్ గారి అబ్బాయి కూడా పాసయ్యాడు. ముప్పై ఆరో వాడు. ఎవరి సాయం లేకుండా, తన బుర్రతో. తండ్రి వాడిని నమ్మి ఉంటే మొదటే అలా పాసయ్యేవాడు. వాడు ఎంత సంతోషపడ్డాడో నేను చూశాను. వారం తిరక్కుండా తండ్రి వచ్చి టీసీ తీసుకున్నారు. "ఈ వాతావరణంలో వీడు చదవలేడండీ," అన్నారు. మూడు నెలల క్రితం ఆయనకి ఈ వాతావరణమే కావాలి. మిగతా కార్లు కూడా ఒకటొకటిగా మాయమయ్యాయి. సంక్రాంతి సెలవులకి ముందే క్లాసులో పదమూడు సీట్లు ఖాళీ. వెయిటింగ్ లిస్టులో ఉన్న మా పిల్లల్ని వేయమని అడిగితే, మధ్యలో చేర్చుకునే రూలు లేదన్నారు. మధ్యలో వెళ్ళిపోవడానికి మాత్రం ఏ రూలూ అడ్డం రాలేదు.

ప్రతిభా సెక్షన్ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. నాలుగు కంప్యూటర్లు వచ్చాయి, అందులో మూడు పనిచేశాయి. ఇంగ్లీష్ టీచర్ని ఇంకో బడికి పంపేశారు. 2004లో కొత్త బ్యాచి తీసుకోవద్దని కాగితం వచ్చింది. కారణం రాయలేదు. పలుకుబడి ఉన్నవాళ్ళ పిల్లలు లేని చోట ప్రతిభ కూడా ఉండదని పైవాళ్ళ నమ్మకం. ఉన్న పిల్లలకి నేను పొద్దున ఏడింటికే వెళ్ళి లెక్కలు చెప్పాను. అది గొప్పని చెప్పుకోవడం లేదు. ఆ మీటింగు తర్వాత ఆ పిల్లల మొహాలు చూడగలిగే దారి నాకు అదొక్కటే దొరికింది.

ఆమినాబీ పని పోయింది. మొదట ఆ ప్రెస్సు, తర్వాత పక్కవి. ఆరేడు నెలలు చీరలకి ఫాల్స్ కుట్టింది. వసీం చాలారోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. నలభై ఒకటో సీటు తీసుకుని ఉంటే పనీ ఉండేది, సీటూ ఉండేదని అతని బాధ. లెక్కప్రకారం అతను చెప్పింది నిజమే. ఆ తర్వాత పెళ్ళికార్డులు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఒకటి ఆమెని పిలిచింది. ఆ ఓనరు కూతురు మా బడిలోనే చదివేది.

పని పోయిన ఆ శీతాకాలమే ఆమినాబీ కూతురి దగ్గర అక్షరాలు దిద్దింది. నలభై దాటిన మనిషి. ఎందుకని అడిగితే, "ఆ రోజు కాగితం నా చేతిలో ఉంది మాస్టారూ. అయినా నలుగురి నోళ్ళ వంక చూడాల్సొచ్చింది. మళ్ళీ అట్టా నిలబడను," అంది. ఆ నాలుగు నోళ్ళలో ఒకటి నాదని ఇద్దరికీ తెలుసు. ఆమె కావాలని అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఫరహత్ పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. 2009 నాటికి పామర్రు దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో సబ్ ఇంజనీరు. నాగమల్లేశ్వరి టీచర్ ట్రైనింగ్ చేసి హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక బడిలో చిన్నపిల్లలకి చదువు చెబుతోంది. ప్రతిభా సెక్షన్ వల్ల ఇంతవాళ్ళయ్యారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది లేకపోయినా అయ్యేవాళ్ళు, అడ్డంపడ్డవాళ్ళు ఉన్నా అయ్యారు.

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ ఆమినాబీ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఒక మే నెలలో వెళ్తే ఆమె కళ్ళజోడు పెట్టుకుని పేపరు ముందేసుకుని కూర్చుంది. పేజీ నిండా కార్పొరేట్ కాలేజీ ర్యాంకుల ప్రకటన. పిల్లల ఫొటోలు, ఒకటి, ఒకటి, రెండు, మూడు అని పెద్ద అంకెలు.

"మాస్టారూ, ఇది చూడండి," అని రెండు పేజీలు పక్కపక్కన పెట్టింది. "ఈ పిల్లోడి ఫొటో ఈ కాలేజీవాళ్ళూ వేశారు, ఆ కాలేజీవాళ్ళూ వేశారు. పేరు కూడా ఒకటే, నేను కూడబలుక్కుని చదివా. ఒక్క పిల్లోడు రెండు కాలేజీల్లో ఎట్టా చదివాడండీ?"

"చదవడు. ఎవరో ఒకళ్ళు అబద్ధం వేసుకున్నారు," అన్నాను.

"మరి ఎవరూ అడగరా?"

"అడగగలిగినవాళ్ళ పిల్లలంతా అక్కడే చదువుతుంటారమ్మా."

ఆమె పేపరు వంక ఇంకోసారి చూసింది. మా బడి గోడ మీద అంటించిన మొదటి జాబితాని చూసినప్పుడు కూడా ఆమె మొహంలో అంత చీదరింపు లేదు. తర్వాత వంటగదిలోకి చూస్తూ, "టీ పెడుతున్నా, ఉండండి. ఫరహత్ వచ్చే టైమయింది," అని లేచింది.